సోల గొట్టం, తవ్వ గొట్టం

నా చిన్నప్పుడు నాకొక నోటు పుస్తకం ఉండేది. అట్ట మీద పేరు రాసుకోలేదు గానీ, అది నాదేనని ఊళ్ళో అందరికీ తెలుసు. అందులో ఏం రాసుకున్నానో తలచుకుంటే ఇవాళ్టికీ నా నోట్లో చేదు ఊరుతుంది. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొన్న మా మనవడి పుణ్యమా అని అంతా కళ్ళ ముందుకి వచ్చింది.

వాడికి పదకొండేళ్ళు. విజయనగరంలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను నేను. సరిహద్దులో గొడవలని టీవీలో పొద్దస్తమానం ఒకటే గోల. తెరని నిలువునా రెండుగా చీల్చి ఇటు మన విమానం, అటు వాళ్ళ విమానం, కింద అంకెలు, వెనక డప్పుల మోత. వార్తలు చదివే కుర్రాడు పెళ్ళి భోజనంలో వంటకాలు చెప్పినట్టు క్షిపణుల పేర్లు చెబుతున్నాడు. మా వాడు అన్నం కలపడం కూడా మరచిపోయి చూస్తూ, "అమ్మమ్మా, వాళ్ళదాని కంటే మనది ఎక్కువ దూరం పోతుంది తెలుసా!" అన్నాడు. వాడి మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు నాకు కొత్త కాదు, ఒకప్పుడు అది నా మొహంలోనే ఉండేది. కంచం పక్కకి జరిపేసి లేచిపోయాను.

బంగ్లాదేశ్ కోసం యుద్ధం జరిగిన ఏడు నాకూ పదకొండేళ్ళే. శ్రీకూర్మానికి కోసెడు దూరంలో మా ఊరు. వరి తప్ప మరో ధ్యాస లేని ఊరు. మా ఊరికి పేపరు ఒక రోజు ఆలస్యంగా వచ్చేది. మా నాన్న చదివి పడేశాక అది నా సొత్తు. దాంట్లో యుద్ధం వార్తలన్నీ ఏరి నోటు పుస్తకంలో ఎక్కించేదాన్ని. పేజీ మధ్యలో గీత. ఇటు మనవి, అటు వాళ్ళవి. వాళ్ళకి పాటన్ ట్యాంకు, మనకి విజయంత. వాళ్ళకి సేబర్ విమానం, మనకి నాట్. వాళ్ళకి మిరాజ్, మనకి మిగ్. వాళ్ళ తుపాకీ ఇది, మన తుపాకీ అది. పేపర్లో లేనివి, యుద్ధానికి ముందు సైన్యం నుంచి సెలవు మీద వచ్చిన వీధి చివరింటి బావని అడిగి రాసుకున్నాను. ఎవరూ చెప్పని చోట అంకె నేనే వేసేసేదాన్ని. అలా వేసినప్పుడల్లా మనవైపు ఒకటి ఎక్కువే పడేది.

అది కోతలైపోయి నూర్పులు జరిగే కాలం. ఊరంతా కళ్ళాల్లోనే ఉండేది. మధ్యాహ్నం చద్దన్నాలు తిన్నాక పెద్దవాళ్ళు గడ్డి మీద చేరబడి నన్ను పిలిచేవారు. నేను పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని మొదలుపెట్టేదాన్ని. పాటన్ ట్యాంకు గొట్టం తొంభై మిల్లీమీటర్లు, విజయంతది నూట అయిదు అంటే వాళ్ళకి ఏమర్థమవుతుంది? అందుకని ధాన్యం కొలిచే కొలతలతో చెప్పేదాన్ని. వాళ్ళ గొట్టంలో సోల పడుతుంది, మన గొట్టంలో తవ్వ పడుతుంది అనేసరికి కళ్ళమంతా ఘొల్లుమనేది. తవ్వంటే రెండు సోలలు కదా, ఇంక చెప్పేదేముంది! నిజానికి ఆ గొట్టాల మధ్య అంత తేడా ఉండదని నాకూ తెలుసు. నవ్వారు కదా, చాలు. కళ్ళం పక్కింటి అక్క నా ఒళ్ళో గుప్పెడు వేరుశెనగ కాయలు పోసేది. ఆడపిల్ల అయినా ఎంత తెలివో చూడండని అందరూ బుగ్గలు పుణికేవారు. ఆ పొగడ్త రుచి మరిగాను నేను.

నవ్వనివాడు ఆ కళ్ళంలో మా తాతయ్య ఒక్కడే. ఆయన కుర్రతనంలో రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావైపు అలాగే అంటారు. అక్కడ ఓడల మీద బస్తాలు మోసి, జపాను వాళ్ళు వచ్చిపడినప్పుడు అడవుల వెంబడి నడిచి తిరిగొచ్చాడు. ఆ నడక గురించి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నేను పుస్తకం తెరవగానే చుట్ట ఆర్పేసి ఎడ్ల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. ముసలాయనకి చెవులు వినబడవేమో అనుకునేదాన్ని. అంత పొగరు నాది.

ఇక చెప్పవలసింది సేపల అప్ప గురించి. మావైపు అక్కని అప్ప అంటాం. ఆవిడది సముద్రం ఒడ్డున చేపల పల్లె. నేను పుట్టకముందు నుంచీ మా ఊరికి తట్ట తెచ్చేది. బిగించి కట్టిన చీర, నిప్పు నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట, ఊరి మొదట్లోనే వినిపించే కేక. మామూలు రోజుల్లో ఆవిడ బేరం ఎలా ఉన్నా, నూర్పుల నెల మాత్రం ఆవిడకి ప్రాణం. ఆ నెలలో చేపలకి డబ్బులివ్వరు, కళ్ళంలోనే ధాన్యం కొలుస్తారు. పచ్చి చేపలకి ఇంత, ఎండు నెత్తళ్ళకి ఇంత అని. అలా నెల రోజులు తిరిగి కూడబెట్టిన ధాన్యమే ఆవిడకీ, ఆవిడ కూతురికీ ఏడాది పొడుగునా కూడు. మొగుడు లేడు. కూతురు నా ఈడుదే. అప్పుడప్పుడు తల్లి వెనకాల చిన్న బుట్టతో వచ్చేది. ఎండకి ఎర్రబడ్డ జుట్టు, నవ్వితే పెద్దగా కనబడే పళ్ళు. నా నోటు పుస్తకం కేసి ఆశగా చూసేది. దానికి చదువు లేదని నేను చూపించేదాన్ని కాదు.

చేపల తట్టకి ఒక పద్ధతుంది. నిండు తట్టని మోసేవాళ్ళు తమంతట తాము కిందికి దించుకోలేరు. రెండో మనిషి చెయ్యి వెయ్యాలి. ఆవిడ వచ్చి గుమ్మం ముందు నిలబడితే ఇంటావిడ ఎదురెళ్ళి ఒక చెయ్యి వేసి దింపించేది. కొన్నా కొనకపోయినా ఆ చెయ్యి వెయ్యడం మర్యాద. మా మామ్మ ఎంత పనిలో ఉన్నా పరుగెత్తుకెళ్ళి చెయ్యి వేసేది.

యుద్ధం మొదలైన వారంలోనే పేపర్లో పెద్ద అక్షరాలతో వార్త వచ్చింది. శత్రువుల జలాంతర్గామి విశాఖపట్నం దగ్గర సముద్రంలో మునిగిపోయిందట. లోపలున్న వాళ్ళంతా పోయారట. నా ఆనందం ఏమని చెప్పను! నోటు పుస్తకంలో అటువైపు రాసుకున్న జలాంతర్గామి మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేసి, పుస్తకం గాల్లో ఊపుకుంటూ కళ్ళానికి పరుగెత్తాను. వార్త చదివాను. చప్పట్లు కొట్టారు. అంతటితో ఆపితే ఎవరికీ ఏ నష్టమూ ఉండకపోను. ఇంకా నవ్వించాలి కదా నాకు! "ఆళ్ళందర్నీ మన సేపలు తినీసుంటాయి. ఈ యేడు కవళ్ళు ఎంతెంత బలుస్తాయో సూడండి!" అన్నాను.

నవ్వారు. విరగబడి నవ్వారు. నవ్వు తగ్గాక ఎవరో తుపుక్కున ఉమ్మారు. వేరుశెనగలిచ్చే అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు రోజే వాళ్ళింట్లో కవళ్ళ చేపల పులుసు. ఛీ ఛీ అని ఒకరు, నాకు వాంతొచ్చేలా ఉందని ఇంకొకరు. సాయంత్రానికి ఆ మాట నాది కాకుండా పోయింది. సముద్రం చేపలన్నీ శవాలు మరిగాయని, ఎవరో ఎక్కడో చేప కడుపు కోస్తే మనిషి వేలు దొరికిందని ఇంటింటికీ తిరిగింది. మా మామ్మ పొయ్యి మీదున్న చేపల కుండని గట్టు అవతలకి విసిరి కొట్టి, కుండ ముక్కల మీద పేడనీళ్ళు చల్లింది. ఆ వేలు కథ ఎవరు పుట్టించారో నాకు తెలియదు. నేను మాత్రం మర్నాడు కళ్ళంలో దాన్ని కూడా చెప్పి నవ్వించాను.

రెండు రోజులకి సేపల అప్ప వచ్చింది. నిండు తట్ట, వెనకాల కూతురు. మొదటి ఇంటి ముందు ఆగితే తలుపు వేసుకున్నారు. రెండో ఇంట్లో వద్దు పొమ్మన్నారు. మూడో ఇంట్లో శవాలు తిన్న చేపలు మా గుమ్మంలోకి తెస్తావా అని తిట్టారు. చెయ్యి వేసేవాళ్ళు లేక ఆవిడ తట్ట దించలేదు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా బరువు నెత్తి మీద పెట్టుకునే నడిచింది. ఏమైందో ఆవిడకి అర్థం కాలేదు. మా ఇంటి ముందు నిలబడి అత్తా, అత్తా అని మా మామ్మని పిలిచింది. మామ్మ లోపలి నుంచి బయటికి రాలేదు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని చూశాను. చేపల నీళ్ళు ఆవిడ చెంపల మీదుగా కారుతున్నాయి. రెండు చేతులూ తట్ట పట్టుకుని ఉన్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కూతురు మునివేళ్ళ మీద లేచి తల్లి పైట కొంగుతోనే ఆవిడ మొహం తుడుస్తోంది. అప్పుడు కూడా నాకు అయ్యో అనిపించలేదు. కంపు కొడుతోందని ముక్కు మూసుకున్నాను. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తోంది.

మరో రెండుసార్లు వచ్చి అలాగే వెళ్ళింది. నూర్పులు సగానికి వచ్చేశాయి. ఆవిడ సంచిలో మా ఊరి ధాన్యం గింజ పడలేదు.

ఆ మాట ఎక్కడ పుట్టిందో తాతయ్యకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఒక రోజు ఇంకా ఎండెక్కకముందే నన్ను లేపి పదమన్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. కావిట్లో కుంచెడు ధాన్యం వేసుకుని ముందు నడిచాడు. పొలం గట్లు దాటి, సరుగుడు తోట దాటి, ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ చేపల పల్లెకి వెళ్ళాం. సేపల అప్ప గుడిసె ముందు అమ్ముడుపోని చేపలు ఇసక మీద ఎండుతున్నాయి. ఆవిడ మమ్మల్ని చూసి కంగారుగా లేచి, తాతయ్యకి కూర్చోడానికి బోర్లించిన తట్ట చూపించింది. ఆయన కూర్చోలేదు. నా వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసి, కళ్ళంలో ఏం చెప్పి నవ్వించావో ఇక్కడ చెప్పు అన్నాడు.

చెప్పేదాకా ఆయన చెయ్యి తియ్యలేదు. చెప్పాను. కళ్ళంలో అంత గొప్పగా అనిపించిన మాట ఆ గుడిసె ముందు కుళ్ళిన చేపలా పడింది. పిల్ల నా కేసి చూసి గుడిసెలోకి వెళ్ళిపోయింది. తల్లి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అడ్డపొగ నోట్లోంచి తీసి నిమ్మళంగా అంది: "మా ఇంటాయన్ని ఈ సముద్రమే తినీసినాది, గుంటా. తెప్ప ఒడ్డుకొచ్చినాది, మనిషి రానేదు. మూడో దినానికి నాను మల్లీ తట్ట ఎత్తుకున్నాను. ఆ దినం మీ మామ్మే నా కాడ కవళ్ళు తీసుకున్నాది. ఎవులూ ఏటీ అననేదు."

అంతే అంది. ఆవిడ మొగుణ్ణి మింగిన సముద్రం చేపల్నే మేం ఇన్నేళ్ళూ తిన్నాం. లొట్టలేసుకుంటూ తిన్నాం. అప్పుడు రాని రోత ఇప్పుడెందుకు వచ్చింది? నేను ఎర్ర పెన్సిలుతో కొట్టేసింది ఒక ఇనప డబ్బాని మాత్రమే అనుకున్నాను. దాంట్లో ఉన్నవాళ్ళకీ ఇళ్ళుంటాయని, తెప్ప కోసం చూసినట్టు వాళ్ళ కోసం చూసే ఆడవాళ్ళుంటారని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

తాతయ్య ధాన్యం అక్కడ పోసి, ఆ పొద్దున ఒడ్డుకి వచ్చిన పచ్చి చేపలు తట్ట నిండా తీసుకున్నాడు. తలగుడ్డ చుట్టకుదురులా చుట్టి నా నెత్తి మీద పెట్టాడు. ఆయనొక చెయ్యి, ఆవిడొక చెయ్యి వేసి తట్ట ఎత్తారు. పిల్లకి బరువవుతాది, ఒద్దు బాబూ అని ఆవిడ అంటున్నా ఆయన వినలేదు. మన కళ్ళం దాకా నువ్వే మొయ్యాలి, ప్రతి గుమ్మం ముందూ ఆగి నువ్వే కేకెయ్యాలి, నీ అంతట నువ్వు దించకూడదు అన్నాడు. ఆయన నా వెనకాల నడిచాడు. ఆవిడ దగ్గర దారిన కళ్ళానికి వెళ్ళింది.

ఊళ్ళోకి వచ్చేసరికి నా మెడ బిగుసుకుపోయింది. చేపల నీళ్ళు జుట్టులోంచి కళ్ళలోకి, కళ్ళ మీంచి నోట్లోకి. తుడుచుకోవడానికి లేదు. మొదటి గుమ్మం ముందు కేకేశాను. నన్ను చూసి ఫక్కున నవ్వారు. తట్ట చూసి నవ్వు ఆపేశారు. శవాలు తిన్న చేపలు మాకొద్దే అన్నారు. నా మాట నా మొహాన్నే పడింది. రెండో ఇంట్లోనూ అదే. మూడో ఇంట్లో వేలు కథ కూడా చెప్పారు, దాన్ని నేను చెప్పినట్టే చేతులు తిప్పుతూ. వేరుశెనగలిచ్చే అక్క గుమ్మంలోకి వచ్చింది. ఈవిడ చెయ్యి వేస్తుంది, నాకు తెలుసు అనుకున్నాను. అక్కా, చెయ్యి వెయ్యవా అని అడిగాను కూడా. పేపరు చదువుకునే పిల్లవి, నీకీ కంపెందుకే అని ముక్కు మూసుకుని లోపలికి పోయింది. సరిగ్గా నేను కిటికీ దగ్గర ముక్కు మూసుకున్నట్టే. మా ఇంటి ముందు నిలబడితే మా మామ్మ నన్ను చూసి నోరు నొక్కుకుంది గానీ గడప దాటలేదు. అక్కడే ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే కేకేశాను.

కళ్ళంలో అందరూ ఉన్నారు. నేను మధ్యకి వచ్చి నిలబడ్డాను. ఇరవై మంది మగాళ్ళు, అంతమందీ ఆడవాళ్ళు. నా గొట్టాల లెక్కలకి చప్పట్లు కొట్టిన చేతులే అవి. ఒక్క చెయ్యి లేవలేదు. తట్ట ఒరిగిపోతుందనగా ఎవరో ముందుకొచ్చి పట్టుకున్నారు. చూస్తే సేపల అప్ప. తట్ట దించి, తన చెంగుతో నా కళ్ళు తుడిచింది. ఆ చెంగు కూడా చేపల వాసనే. నేను ముక్కు మూసుకోలేదు.

తాతయ్య తట్టలోంచి నాలుగు కానాగంత చేపలు తీసి గడ్డి మంట మీద కాల్చాడు. ఊదుకుంటూ తిన్నాడు. ఒకడెవడో ఛీ అన్నాడు. అప్పుడు మా తాతయ్య జీవితంలో మొదటిసారి నలుగురి ముందు ఆ నడక గురించి చెప్పాడు. "రంగం నుంచి నడిసొస్తన్నప్పుడు ఇమానాలు బాంబులేసినాయి. ఎవుల ఇమానాలో తలెత్తి సూసినోడు బతకనేదు. వాగుకి పైన శవాలు, కింద మేము. ఆ నీళ్ళే తాగినాను. మరి నన్నెందుకు ఊర్లోకి రానిచ్చినారు? నా సేతి గింజలు ఎందుకు తిన్నారు?" అన్నాడు. మళ్ళీ తింటూ కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని ఒక ముక్క తీసుకున్నాను. మింగడం కష్టమైంది. రోత చేప మీద కాదు.

అందరూ మారిపోయారని చెప్పను. కొన్ని ఇళ్ళ వాళ్ళు ఆ రోజే ధాన్యం కొలిచారు. మామ్మ సాయంత్రం కొత్త కుండ తీసింది. వేరుశెనగల అక్క వాళ్ళు శివరాత్రి దాకా చేప ముట్టలేదు. ఈలోగా మన సైన్యం గెలిచిందని ఊళ్ళో పటాసులు కాల్చారు. నూర్పులు అయిపోయాయి. ఆ ఏడు ఆవిడకి దొరకవలసిన దాంట్లో సగం కూడా దొరకలేదు.

మరుసటి ఏడు నూర్పులకి సేపల అప్ప ఒక్కతే వచ్చింది. నేను ఎదురెళ్ళి చెయ్యి వేసి తట్ట దింపించాను. పిల్ల ఏదని అడిగాను. వానాకాలంలో తిండికి చాలక విజయనగరంలో ఎవరింట్లోనో పనికి పెట్టానని చెప్పింది. అక్కడ అన్నం పెడతన్నారులే గుంటా, అంది. ఒక్క నిష్ఠూరం మాట లేదు. నా వల్లే కదా అని నేను అనలేకపోయాను. ఆ తరవాత ఆ పిల్లని నేను మళ్ళీ చూడలేదు. ఈ విజయనగరంలోనే ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నాను. నా వయసు ఆడవాళ్ళు, పెద్ద పళ్ళవాళ్ళు, ఎవరు ఎదురైనా ఒక క్షణం ఆగి చూస్తాను.

మా వీధిలోకి ఇప్పటికీ తట్ట మోసుకుని ఒకావిడ వస్తుంది. నా మోకాళ్ళు ఎంత నొప్పిగా ఉన్నా మెట్లు దిగి వెళ్ళి చెయ్యి వేస్తాను. మొన్న టీవీ కట్టేసి మనవణ్ణి కూడా తీసుకెళ్ళాను. వాడు మొహం చిట్లించాడు గానీ చెయ్యి వేశాడు. తిరిగొచ్చాక ఇదంతా చెప్పాను. వాడు అంతా విని, "ఆ అమ్మాయి పేరేంటి అమ్మమ్మా?" అని అడిగాడు.

పాటన్ గొట్టం తొంభై, విజయంతది నూట అయిదు. సేబర్, నాట్, మిరాజ్, మిగ్. నిద్రలో లేపి అడిగినా అన్నీ వరసగా చెప్పగలను. ఆ పిల్ల పేరు మాత్రం నేను ఏనాడూ అడగలేదు.